‘రైస్’ అమ్మి ‘రైస్’ కొన్న రైతు

పిల్లలూ,

ఈ నెల మన మాటల మూట విప్పేముందు మీకొక పొడుపు ప్రశ్న వేస్తాను. ఒక రైతు రైస్ అమ్మాడు. ఆ డబ్బుతో రైస్ కొన్నాడు. మళ్ళీ కొనేటట్లయితే అసలు అమ్మడం దేనికి? అతనికి మతి పోయిందా, లేక ఇందులో ఏదైనా కిటుకు ఉన్నదా?

మీరు ఆలోచిస్తూ ఉండండి. ఈలోగా నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. మాష్టార్లు పొరపాట్లు చేయరని మీరు అనుకుంటున్నారేమో! చేస్తారు. కాకపోతే ఎర్రసిరా సీసా వాళ్ళ దగ్గరే ఉంటుంది గనుక, వాళ్ళ తప్పులు దిద్దేవారుండరు.

అది 1984వ సంవత్సరం. గోదావరి కాలువ పక్కన ఒక పల్లెటూరి బడిలో నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఏడవ తరగతికి ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ఒకనాడు ‘మా నాన్న’ అనే విషయం మీద ఇంగ్లీషులో ఐదు వాక్యాలు రాయమన్నాను. వెనక బల్ల మీద కూర్చునే ఒక రైతు బిడ్డ తన నాలుగో వాక్యంలో, తమ నాన్న రైస్ అమ్మి రైస్ కొన్నాడని రాశాడు.

నేను ఆ వాక్యం తరగతిలో పైకి చదివాను. పిల్లలంతా గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. అంతటితో ఊరుకున్నానా? “ఏరా, మీ నాన్న పొద్దున అమ్మినది సాయంత్రానికి మనసు మారి మళ్ళీ కొనుక్కున్నాడా?” అన్నాను. వాడు లేచి నిలబడి, “అది కాదండీ...” అని ఏదో చెప్పబోయి, మాట మింగేసి తల వంచుకున్నాడు. నేను ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టి పక్కన సున్న చుట్టాను.

తరువాత ఆ ఏడాదంతా వాడు ఇంగ్లీషు క్లాసులో ఒక్కసారైనా చెయ్యి ఎత్తలేదు. అది కూడా నేను అప్పుడు గమనించలేదు.

ఇప్పుడు ఇక్కడి నుంచి సముద్రాల అవతలికి పోదాం. మా అన్నయ్యగారి మనుమరాలు ఫిలిప్పీన్స్ దేశంలో, మనీలా నగరంలో డాక్టరు చదువు చదువుతున్నది. మన తెలుగు పిల్లలు చాలామంది ఈ చదువు కోసం ఆ దేశం వెళ్ళారు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, భోజనాల దగ్గర మా అమ్మాయి ఇలా చెప్పింది:

“చిన్న తాతయ్యా, మా హాస్టల్లో నా గదిలోనే ఒక తగాలోగ్ అమ్మాయి ఉంటుంది. మేమిద్దరం ఇంగ్లీషులో మాట్లాడుకుంటాం. ఒకరోజు నేను, ‘రైస్ అయిపోయింది’ అన్నాను. ‘ఏ రైస్? గిన్నెలోదా, డబ్బాలోదా?’ అని అడిగింది. ‘మీకు రెండింటికీ వేరు వేరు మాటలున్నాయా?’ అన్నాను. ‘రెండు కాదు, మూడు’ అని వేళ్ళు మడిచి చెప్పింది. నేనూ వేళ్ళు మడిచి మనవి చెప్పాను. లెక్క సరిగ్గా సరిపోయింది!”

నా చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎన్నడో కొట్టేసిన ఆ నాలుగో వాక్యం నా కళ్ళ ఎదుట నిలబడ్డది.

ఆ మూడు మాటలేవో తెలుసుకునే ముందు, ఆ దేశం ఎక్కడున్నదో చూద్దాం. పటం ముందు పెట్టుకోండి. బంగాళాఖాతం దాటి, మలయా, వియత్నాం దాటి, ఇంకా తూర్పుగా పోతే, పసిఫిక్ సముద్రం మొదట్లో ఏడు వేలకు పైగా దీవులు కనబడతాయి. అదే ఫిలిప్పీన్స్. అన్నిటికంటే పెద్ద దీవి లూజాన్. మనీలా ఆ దీవిలోనే ఉన్నది. మనీలాలోనూ చుట్టుపక్కల జిల్లాలలోనూ పుట్టి పెరిగిన భాష తగాలోగ్. ఆ దేశంలో ఇంకా ఎన్నో భాషలున్నాయి. కాని ఫిలిపీనో అనే వారి జాతీయ భాషకు పునాది తగాలోగే.

ఆ భాష మనకు బొత్తిగా కొత్త అనుకోకండి. వారు ఉపాధ్యాయుణ్ణి ‘గురో’ అంటారు. ముఖాన్ని ‘ముఖా’ అంటారు. ఆశను ‘ఆసా’ అంటారు. ఇవన్నీ ఎన్నో వందల ఏళ్ళ కిందట ఓడల మీద, వర్తకుల నోళ్ళ మీద తూర్పు దీవులకు చేరిన సంస్కృత పదాలు. ఇంకొక చిత్రం చూడండి. బళ్ళో మీరు ‘క ఖ గ ఘ ఙ’ అని వల్లె వేస్తారు గదా! అందులో చివరి ‘ఙ’ను మనం వల్లె వేసి అక్కడే వదిలేస్తాం. వారు మాత్రం దాన్ని పొద్దున లేచిన దగ్గర నుంచీ పలుకుతారు. చిరునవ్వును వారు ‘ఙితి’ అంటారు. ఒకసారి పైకి అని చూడండి. మొదట నాలుక తడబడుతుంది, తరువాత నవ్వు వస్తుంది!

సరే, ఇక మూడు మాటలు.

మొదటిది ‘పాలయ్’. పొలంలో నిలబడి ఉన్న పైరూ పాలయే, కోసి నూర్చి కుప్ప పోసిన గింజా పాలయే. అంటే మన వరి, మన వడ్లు. రెండవది ‘బిగాస్’. పొట్టు పోయి, తెల్లగా, సంచిలోనో డబ్బాలోనో ఉండేది. అంటే మన బియ్యం. మూడవది ‘కానిన్’. ఉడికి, ఆవిర్లు కక్కుతూ కంచంలోకి వచ్చేది. అంటే మన అన్నం.

ఈ ‘కానిన్’ మాటను విడదీస్తే ఒక ముచ్చట బయటపడుతుంది. తగాలోగ్‌లో ‘కాయిన్’ అంటే తినడం. దాని నుంచి పుట్టినది కానిన్. అంటే ‘తినేది’ అని అర్థం. మరి మన అన్నం? సంస్కృతంలో ‘అద్’ అనే ధాతువుకు తినడం అని అర్థం. దాని నుంచి వచ్చినదే అన్నం. అంటే ‘తినబడేది’. రెండు భాషలకూ చుట్టరికం లేదు. ఒకరిని చూసి ఒకరు రాసుకోనూ లేదు. అయినా ‘తినేది’ అనగానే ఇద్దరి కళ్ళ ముందూ ఒకటే కంచం కనబడ్డది! అక్కడ ఎవరైనా ఇంటికి వస్తే, “కుమాయిన్ కా నా బా?” అని పలకరిస్తారు. “తిన్నావా?” అన్నమాట. మన ఊళ్ళలో “అన్నం తిన్నావా?” అని పలకరించినట్లే.

పొలం నుంచి కంచం దాకా ఆ గింజ వెంట నడిస్తే, అడుగడుగునా వారికొక మాట ఉన్నది. నారు ‘పున్లా’. నూర్చిన తరువాత మిగిలే గడ్డి ‘దయామి’. మరలో పైకి ఎగిరే ఊక ‘ఇపా’. తవుడు ‘దరాక్’. చెరిగితే చేటలో వేరుపడే నూకలు ‘బిన్లిద్’. లేత గింజలను వేయించి దంచి చేసే అటుకుల వంటివి ‘పినిపిగ్’. ఉడికేటప్పుడు తీసే గంజి ‘అమ్’. పలచగా కాచిన జావ ‘లూగవ్’. గిన్నె అడుగున అంటుకున్న మాడు ‘తుతోఙ్’. ఇక్కడ కూడా పిల్లలు మాడు కోసం గరిటె పట్టుకుని పోట్లాడుకోవడం మనం ఎరుగుదుం గదా! రాత్రి మిగిలి చల్లారిన అన్నం ‘బాహవ్’. దాన్నే పొద్దున వెల్లుల్లి వేసి వేయిస్తే ‘సినఙాగ్’. అన్నంలోకి నంజుకునే కూరో, చేపో, పులుసో ఏదైనా సరే, అదంతా ‘ఊలమ్’. మన పెద్దలు దీన్నే ఆధరువు అంటారు. ఇంగ్లీషులో ‘ఊలమ్’కు గాని ‘ఆధరువు’కు గాని సరిపోయే ఒక్క మాట దొరకడం కష్టం.

ఇన్ని మాటలున్నవాడు ఇంగ్లీషులోకి వచ్చేసరికి చేతిలో మిగిలేది చాలాసార్లు ఒక్కటే మాట: రైస్. ఇంగ్లీషువారు ఆ ఒక్క మాటతో ఎలా నెట్టుకొస్తారో చూడండి. రైస్ మిల్లులోకి పోయేది వడ్లు. రైస్ కుక్కరులోకి పోయేది బియ్యం. హోటల్లో రైస్ ప్లేటులో వచ్చేది అన్నం. మాట ఒకటే, సరుకు మూడు. మనం పక్కనున్న మాటను బట్టి అర్థం చేసుకుంటాం. పక్కన మాట లేకపోతే మాత్రం, మా అమ్మాయి స్నేహితురాలు అడిగినట్లు, “ఏ రైస్?” అని అడగక తప్పదు.

తగాలోగ్ వారికి ఈ ఇబ్బంది నిన్న మొన్నటిది కాదు. ఆ దేశాన్ని 1565 నుంచి 1898 వరకు స్పెయిన్ ఏలింది. తరువాత అమెరికా వచ్చింది. 1901 ఆగస్టులో ‘థామస్’ అనే ఓడ మనీలా రేవులో ఆగింది. అందులో నుంచి దిగినవారు సిపాయిలు కారు, వర్తకులు కారు. సుమారు 500 మంది బడి పంతుళ్ళు! ఓడ పేరును బట్టి వారిని థామసైట్లు అన్నారు. వారు ఊరూరా బళ్ళలో ఇంగ్లీషు చెప్పారు. 1946 జూలై 4న ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. ఇంగ్లీషు మాత్రం బళ్ళలోనూ ఆఫీసులలోనూ ఉండిపోయింది. అక్కడ పలక పట్టిన పిల్లలందరూ పాలయ్, బిగాస్, కానిన్ అనే మూడు మాటలను ఒక్క ‘రైస్’ అనే మాటలో ఇమడ్చడం నేర్చుకోవలసి వచ్చింది.

“మాష్టారూ, ఇంగ్లీషులో వడ్లకు ‘ప్యాడీ’ అనే మాట ఉన్నది గదా!” అని మీలో చురుకైనవారు అడగబోతున్నారు. ఉన్నది. కాని అది ఇంగ్లీషు దేశంలో పుట్టిన మాట కాదు. మలయా భాషలో వడ్లను ‘పాది’ అంటారు. వర్తకానికి తూర్పు దేశాలకు వచ్చిన ఇంగ్లీషువారు, తమ దగ్గర మాట లేదని గ్రహించి, దాన్ని అరువు తెచ్చుకున్నారు. మలయా భాష తగాలోగ్‌కు దాయాది. అక్కడ ‘పాది’, ఇక్కడ ‘పాలయ్’. అక్కడ బియ్యం ‘బెరాస్’, ఇక్కడ ‘బిగాస్’. మన మూడు, తమిళుల మూణ్ఱు, కన్నడిగుల మూరు అన్నట్లే. అంటే ఇంగ్లీషు ప్యాడీ, తగాలోగ్ పాలయ్ ఒకే తాత మనుమలన్నమాట!

ఫిలిప్పీన్స్‌లో నేడు ఇంగ్లీషు పత్రికలు కూడా వడ్ల ధర గురించి రాసేటప్పుడు ‘పాలయ్’ అనే రాస్తాయి. రైతుకు ముట్టేది పాలయ్ ధర. కొట్టులో మనం ఇచ్చేది బిగాస్ ధర. ఈ రెండూ కలిసిపోతే ఎంత తేడా వస్తుందో ఒక చిన్న లెక్క వేయండి. 100 కిలోల వడ్లు మర ఆడిస్తే, సుమారు 20 కిలోలు ఊకగా పోతుంది. మరి కొంత తవుడుగా పోతుంది. చివరికి బియ్యం వచ్చేది సుమారు 65 కిలోలు. కాబట్టి ఎవరైనా “100 బస్తాల రైస్ పంపండి” అని ఉత్తరం రాస్తే, పంపేవాడు వడ్లు అనుకుని, తీసుకునేవాడు బియ్యం అనుకుంటే, ఇద్దరి మధ్యా 35 బస్తాల తగాదా! మళ్ళీ కిలో బియ్యం వండితే నీళ్ళు పీల్చుకుని రెండున్నర కిలోలకు పైగా అన్నం అవుతుంది. అందుచేత “మనిషి రోజుకు ఇంత రైస్ తింటాడు” అని ఎక్కడైనా చదివితే, బియ్యమా, అన్నమా అని తప్పకుండా అడగండి.

ఇది తూకం సంగతి. ప్రాణం సంగతి ఇంకొకటి ఉన్నది. జాగ్రత్తగా వినండి.

వడ్లకు ప్రాణం ఉన్నది. తడి తగిలితే మొలక వస్తుంది. మరలో తెల్లగా పాలిషు పట్టిన బియ్యానికి ప్రాణం లేదు. గింజ కొసన ఉండే మొలక భాగం తవుడుతో పాటు పోతుంది. అయితే అది ఎండి ఉంటుంది గనుక చాలా రోజులు నిలవ ఉంటుంది. ఇక అన్నం మర్నాటికే పాచిపోతుంది. మొలకెత్తేది ఒకటి, నిలవ ఉండేది ఒకటి, ఆకలి తీర్చేది ఒకటి. అందుకే మూడు పేర్లు.

వడ్లకూ బియ్యానికీ మధ్య రాలిపోయే ఆ తవుడులో ఏమున్నదో తెలియక పూర్వం లక్షల మంది జబ్బుపడ్డారు. ఆ జబ్బు పేరు బెరిబెరి. కాళ్ళు తిమ్మిరెక్కి, చచ్చుబడి, గుండె బలహీనమై మనిషి చనిపోయేవాడు. తూర్పు దేశాలలో ఆవిరి మరలు వచ్చి, బియ్యాన్ని ముత్యాల మాదిరి తెల్లగా చేయడం మొదలుపెట్టిన తరువాత ఈ జబ్బు మరీ పెరిగింది. జావా దీవిలో ఐక్మన్ అనే డచ్చి డాక్టరు 1890ల నాటికి ఒక వింత కనిపెట్టాడు. తెల్ల బియ్యం మేపిన కోళ్ళు తూలి పడిపోతున్నాయి. తవుడు పోని బియ్యం మేపితే లేచి తిరుగుతున్నాయి!

చూశారా? ‘రైస్’ తింటే జబ్బు వస్తున్నది. ‘రైస్’ తింటే జబ్బు పోతున్నది. ఒక్క మాటతో చెబితే ఇది మా బళ్ళోని ఆ నాలుగో వాక్యం లాగానే నవ్వులాటగా ఉంటుంది. బిగాస్, దరాక్ అని వేరు చేసి చెప్పండి, గుట్టు విడిపోతుంది. జబ్బు బియ్యంలో లేదు, మందు తవుడులో ఉన్నది.

మనీలాలో అప్పుడు పాలు తాగే పసిపిల్లలు బెరిబెరితో చనిపోతుండేవారు. తల్లులు తెల్ల అన్నమే తినేవారు. అందుచేత వారి పాలలోనూ ఆ సారం ఉండేది కాదు. వెడ్డర్ అనే అమెరికా సైనిక వైద్యుడు తవుడు నుంచి రసం తీసి ఆ పిల్లలకు పట్టించాడు. ఆ రసాన్ని అక్కడ ‘తికితికి’ అంటారు. పిల్లలు తేరుకున్నారు. అందులో పని చేసే పదార్థం ఏదో తేల్చమని ఆయన 1910లో మనీలాలోని ఒక యువ రసాయన శాస్త్రజ్ఞుడికి అప్పగించాడు. ఆ యువకుడి పేరు రాబర్ట్ విలియమ్స్. అమెరికన్ మిషనరీల బిడ్డ. ఆయన పుట్టిన ఊరు ఏదనుకున్నారు? మన నెల్లూరు! 1886లో అక్కడ పుట్టాడు. బియ్యానికి పేరుమోసిన ఊళ్ళో కళ్ళు తెరిచినవాడే బియ్యం నుంచి పోతున్నదేమిటో కనిపెట్టవలసి వచ్చింది.

అది ఒక రోజులోనో ఒక ఏడాదిలోనో తేలలేదు. ఆయన అమెరికా తిరిగి వెళ్ళి, టెలిఫోను పరిశోధనశాలలో ఉద్యోగం చేస్తూ, తీరిక వేళలన్నీ ఈ తవుడు రసానికే ధారపోశాడు. చివరికి 1936లో ఆ పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేసి చూపించాడు. అదే థయామిన్, అనగా బి1 విటమిన్. తరువాత ఆయన ఫిలిప్పీన్స్‌ను మరచిపోలేదు. 1948లో అక్కడి బతాన్ జిల్లాలో ఈ విటమిన్ కలిపిన బియ్యాన్ని ప్రజలకు అందించే పని మొదలయింది. అక్కడ బెరిబెరి చావులు బాగా తగ్గాయి.

తల్లిదండ్రులకు ఇక్కడ ఒక చిన్న మనవి. మన అమ్మమ్మలు దంపుడు బియ్యం వండేవారు. రోటిలో దంచిన బియ్యానికి కొంత తవుడు అంటుకునే ఉండేది. బియ్యం ఎంత తెల్లగా ఉంటే అంత గొప్ప అనుకోవడం మంచిది కాదు.

ఇంత చెప్పాను గదా అని, ఇంగ్లీషు పేద భాష అనీ, మనదీ తగాలోగూ గొప్ప భాషలనీ అనుకునేరు సుమా! అది మరొక పొరపాటు. ఇంగ్లీషు దేశంలో వరి పండదు. వారికి తెలిసినదల్లా ఓడ మీద బస్తాలలో వచ్చిన బియ్యమే. ఒక్క మాట చాలింది. కాని వారి తిండి గోధుమ. అక్కడ చూడండి: గింజగా ఉంటే ‘వీట్’, పిండి చేస్తే ‘ఫ్లోర్’, తడిపి ముద్ద చేస్తే ‘డో’, కాలిస్తే ‘బ్రెడ్’, దాన్ని ముక్కలు కోసి మళ్ళీ కాలిస్తే ‘టోస్ట్’. ఏ ఇంగ్లీషు పిల్లవాడూ పొద్దున్నే “నేను వీట్ తిన్నాను” అని రొట్టెను గురించి చెప్పడు. చెబితే వాళ్ళ మాష్టారూ నవ్వుతాడు!

అలాగే, చలి దేశాలవారు నేల మీద పరుచుకున్న మంచును, గడ్డకట్టిన మంచును, గడ్డి కొనల మీద మంచు బిందువులను, కళ్ళకు అడ్డం పడే పొగమంచును నాలుగు వేరు మాటలతో పిలుస్తారు. మనం అన్నిటినీ ‘మంచు’తోనే సరిపెడతాం. తగాలోగ్ వారు ‘అతడు’ అనడానికీ ‘ఆమె’ అనడానికీ ‘సియా’ అనే ఒకే మాట వాడతారు. అందుచేత ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు వారు ఒక్కొక్కసారి అన్నయ్యను ‘షీ’ అంటారు, అక్కయ్యను ‘హీ’ అంటారు. అది తెలివితక్కువ కాదు. ఒక భాష ఇంటి నుంచి ఇంకొక భాష ఇంటికి పోయినప్పుడు, గుమ్మం ఎత్తు తెలియక తల తగలడం లాంటిది.

ఏ జాతివారి చేతులు ఏ పనిలో ఎక్కువగా మెలిగితే, వారి నాలుక మీద ఆ పని మాటలు అంత ఎక్కువగా పుడతాయి. ఈ సంగతి నాకు శిక్షణలో ఎవరూ చెప్పలేదు. పొలంలో వంగి నాటు వేసినవారు, కళ్ళంలో నూర్చినవారు, రోటి దగ్గర దంచినవారు, పొయ్యి దగ్గర ఊదినవారు ఒక్కొక్క మాట చేర్చి మనకు ఇచ్చారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. రైస్ అమ్మి రైస్ కొన్న రైతుకు మతి పోయిందా? మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. అతను వడ్లు అమ్మాడు, బియ్యం కొన్నాడు. కోతలు కాగానే అప్పులవాళ్ళు గుమ్మంలో నిలబడితే, చిన్న రైతు వడ్లన్నీ వచ్చిన ధరకు అమ్మివేస్తాడు. నాలుగు నెలలు తిరిగేసరికి గాదె ఖాళీ. అప్పుడు కొట్టుకు పోయి బియ్యం కొనుక్కుంటాడు. ఫిలిప్పీన్స్‌లోనూ ఎందరో చిన్న రైతులు పాలయ్ అమ్మి బిగాస్ కొంటారు. పండించినవాడే కొనుక్కుని తినే ఆ కథను ఆ పన్నెండేళ్ళ పిల్లవాడు, తనకు తెలిసిన ఒక్క ఇంగ్లీషు మాటతో, ఉన్నదున్నట్లు రాశాడు. ‘ప్యాడీ’ అనే మాట వాడికి తెలియదు. ఎందుకు తెలియదు? నేను చెప్పలేదు గనుక. నేను చెప్పని పాఠానికి వాడికి సున్న వేశాను.

వాడు చెప్పబోయి మింగేసిన “అది కాదండీ...” అనే మాట తరువాత ఏముండేదో నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు ఒక్క నిమిషం ఆగి, “ఏ రైసురా, నాయనా?” అని అడిగి ఉంటే, వాడు చెప్పేవాడు. మనీలాలో ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న అదే గదా! పాతికేళ్ళు నిండని ఆ పిల్లకు తోచినది, పట్టా పుచ్చుకున్న నాకు తోచలేదు.

ఆ అబ్బాయి ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. యాభై దాటి ఉంటాడు. ఈ పత్రిక అతని పిల్లల చేతిలోనో, మనుమల చేతిలోనో పడితే, వారికి నా మనవి ఒక్కటే: మీ ఇంట్లో పెద్దాయనకు ఈ పేజీ చదివి వినిపించండి. ఆ నాలుగో వాక్యానికి మాష్టారు పూర్తి మార్కులు వేశారని చెప్పండి. ఆలస్యానికి క్షమించమన్నారని కూడా చెప్పండి.

ఇక ఈ నెల మీ పని.

మొదటిది చేతి పని. ఒక పళ్ళెంలో తడిగుడ్డ పరిచి, ఒక పక్క పది విత్తనపు వడ్లు, ఒక పక్క పది తెల్ల బియ్యపు గింజలు పెట్టండి. పైన ఇంకొక తడిగుడ్డ కప్పి, ఆరిపోకుండా రోజూ నీళ్ళు చిలకరించండి. ఉడికించి ఎండబెట్టిన ఉప్పుడు వడ్లు మాత్రం వాడకండి, అవి మొలవవు. నాలుగైదు రోజులకు ఏ పక్క ఏమి కనబడ్డదో రాసి ఉంచండి. పాలయ్‌కూ బిగాస్‌కూ తేడా మీ కళ్ళతో మీరే చూస్తారు.

రెండవది మాటల పని. ఇంగ్లీషులో ‘వాష్’ అనే మాట ఉన్నది. తగాలోగ్ వారు చేతులూ గిన్నెలూ కడిగితే ‘హూగాస్’, బట్టలు ఉతికితే ‘లాబా’, మొహం కడుక్కుంటే ‘హిలామోస్’ అంటారు. మరి మనం? ఇంట్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా అమ్మా నాన్నా చేసే పనులన్నీ గమనించి, ఆ ఒక్క ఇంగ్లీషు మాటకు తెలుగులో ఎన్ని మాటలున్నాయో లెక్క రాయండి. అమ్మమ్మనూ నాయనమ్మనూ అడగడం మరచిపోకండి. వారి మూట మన మూటకంటే పెద్దది.

ఇంకొక్క మాట. తరగతిలో మీ పక్కవాడు రాసిన వాక్యం వింతగా కనబడితే, నవ్వేముందు ఒకసారి అడగండి: “ఏ రైస్?” అని.

ఇట్లు,
మీ మాష్టారు